మూడు ఫోన్లు, ఒకే గొంతు

"ఆ ఫోన్లు ఇంట్లో ఉంచకురా ఉదయ్. నా మాట విను. ఏదో ఒకనాటికి అవే మన ప్రాణాల మీదకి తెస్తాయి."

ఉదయభాస్కర్ తలెత్తడు. కొవ్వొత్తి వెలుగులో కెమెరా తుడుచుకుంటున్నాడు.

"నీకు గాలి వీస్తే తుఫాను, దగ్గొస్తే క్షయ. ఎవరైనా వింటే నవ్వుతారే అమ్మా."

"నవ్వనీ. మూడు ఫోన్లు, మూడు పేర్లు... గొంతు మాత్రం నాదొక్కటే. ఎవడో ఒకడు కనిపెడతాడు."

"రెండేళ్ళయింది. ఎవడు కనిపెట్టాడు?"

ఉదయ్ తల్లి పేరు చిన్నమ్మాయి. ఆమెకి భయం. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె దగ్గర ఎప్పుడూ నిండుగా ఉండేది అదొక్కటే.

బయట వాన. కరెంటు పోయి గంట దాటింది. కడియంలో ఎటు చూసినా చీకటి. చుట్టూ నర్సరీలు. ఆకుల మీద పడే వాన తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఇంకో చప్పుడు.

కారు.

చిన్నమ్మాయి చెయ్యి తనంతట తనే బియ్యం డబ్బా వెనక్కి వెళ్తుంది. అక్కడో బిస్కెట్ల రేకు డబ్బా. అందులో ఆ మూడు ఫోన్లు. ఉన్నాయి. మూత గట్టిగా నొక్కుతుంది.

కంప్యూటర్లో సరుకు వేలం వేసే వెబ్‌సైటు ఒకటుంది. ఉదయ్ రాజమండ్రి వెళ్ళి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అందులో మొక్కలు అమ్ముతాడు. మొక్కలు అన్నీ తనవి కావు. కడియంలో అదేం వింత కాదు. కొనేవాడు అడిగిన మొక్క మన దగ్గర లేకపోతే లేదనరు. "మనదేనండి, కూర్చోండి" అని కొబ్బరిబొండం చేతిలో పెట్టి, వెనక దారిన పక్క నర్సరీకి పోయి మోసుకొస్తారు. రేపు పక్కవాడూ అంతే. దాన్నెవరూ తప్పనుకోరు.

ఉదయ్ ఆ అలవాటుని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కడ మంచి మొక్క కనిపిస్తే అక్కడ ఫొటో కొడతాడు. కింద రాస్తాడు. 'మా సొంత తోటలోది. ఈ రోజే తీసిన ఫొటో.'

అక్కడితో ఆగలేదు. దొంగ పేర్లతో తన వేలం తనే పాడి ధర పెంచాడు. తన సరుకుని తనే మెచ్చుకున్నాడు. ఇంకా అనుమానపడేవాళ్ళ కోసం మూడు నంబర్లు పెట్టాడు. 'మా పాత కస్టమర్లు. అడిగి తెలుసుకోండి.'

హైదరాబాద్ రత్నమాణిక్యం గారు.

వైజాగ్ హారతి మేడం.

బెజవాడ సాయిదుర్గ.

ముగ్గురూ చిన్నమ్మాయే.

గేటు కిర్రుమంటుంది.

తెల్ల స్కార్పియో. లైట్లు ఆర్పలేదు. ఇద్దరు దిగుతారు. ఒకడు డ్రైవరు, గొడుగు పట్టుకున్నాడు. గొడుగు కింద యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన కండువా. బురదలో కూడా తొందరపడకుండా నడుస్తున్నాడు.

"ఉదయభాస్కర్ అంటే నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి. రండి, కూర్చోండి. మొక్కల కోసమాండి?"

"మొక్క కోసం. ఒక్క మొక్క." ఆయన కూర్చోడు. "నా పేరు చంద్రరావు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి."

ఆ పేరు... చిన్నమ్మాయి ఎక్కడో వింది. మంచి సందర్భంలో కాదు.

చంద్రరావు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీస్తాడు. కంప్యూటర్లోంచి తీసిన రంగుల బొమ్మ. పెద్ద సిమెంటు పళ్ళెంలో పొట్టి జువ్వి చెట్టు. బోన్సాయ్. వేర్లు రాతిని పట్టుకుని ఉన్నాయి.

"గెస్ట్‌హౌస్‌లో పెట్టడానికి మొక్క వెతికిస్తుంటే నీది తగిలింది. ఇక్కడే ఉందా?"

"ఇక్కడేనండి. మా సొంత తోటలోదేనండి."

నోటికి అలవాటైపోయిన మాట.

"చూపించు."

"చీకటి కదండి. అది మా పై తోటలో ఉంది. పొద్దున్నే మీ ఇంటికే తెచ్చి..."

"టార్చి ఉంది."

చిన్నమ్మాయి తలుపు పక్కన నిలబడి చూస్తోంది. ఆమెకి అంతా వింతగా ఉంది. మొక్క కొనడానికొచ్చినవాడు వాకిట్లో నాలుగాకులైనా తిప్పి చూస్తాడు. కుండీ తట్టి చూస్తాడు. ఈయన ఒక్క మొక్క వైపు కూడా చూడలేదు. కాగితం మీదున్న వేలు కూడా...

మొక్క మీద లేదు.

మూల మీద ఉంది.

ఆమె మెడ సాచి చూస్తుంది. ఫొటో మూలలో దండెం. తడిబట్టలు ఆరేస్తూ ఒకమ్మాయి. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఓ చిన్నపిల్ల. ఆ అమ్మాయి మొహం సరిగ్గా కెమెరా వైపే తిరిగి ఉంది.

"ఈ ఆడమనిషెవరు?" అంటాడు చంద్రరావు.

ఉదయ్ బొమ్మ వైపు వంగుతాడు. "మా... మా పనమ్మాయండి."

మనకి పనమ్మాయి ఎక్కడుందిరా... అనుకుంటుంది చిన్నమ్మాయి.

"పిలు."

"సాయంత్రమే వెళ్ళిపోయిందండి."

"ఇల్లెక్కడ?"

"అది... నాకు తెలీదండి."

"పనమ్మాయి ఇల్లు తెలీదు." చంద్రరావు తల ఊపుతాడు. "చిట్టియ్యా."

డ్రైవరు గొడుగు మూస్తాడు. తలుపు గడియ వేస్తాడు.

చంద్రరావు కండువా కింద నుంచి తుపాకీ తీసి కొవ్వొత్తి పక్కన పెడతాడు. చుట్ట పెట్టె పెట్టినంత మామూలుగా.

"ఈ ఫొటోలోదాని పేరు దుర్గాశ్రీ. దీని మొగుణ్ణి నేను చెరువుగట్టు మీద నరుకుతుంటే ఇది చూసింది. సోమవారం కోర్టులో చెప్తుందట. మూడు నెలల్నుంచి వెతుకుతున్నాను. పోలీసులు ఎక్కడ దాచారో పోలీసులకే సరిగ్గా తెలీదు. నువ్వేమో ఫొటో తీసి ఊరందరికీ వేలం వేశావు." ఆయన నవ్వుతాడు. "నీ మేలు మర్చిపోనులే అబ్బాయ్."

ఉదయ్ కాగితం వెనక్కి తోస్తాడు.

"అది... అది మా మొక్క కాదండి. ఆ ఫొటో నేను తియ్యలేదు. ఇంటర్నెట్లో ఎవరిదో తీసి పెట్టుకున్నానండి."

"సొంత తోటలోది, ఈ రోజే తీసిన ఫొటో అని రాసింది ఎవరు?"

"అలాగే రాస్తామండి. అమ్ముకోవాలి కదండి."

"నలభై మంది రాశారు కింద. ఉన్నదున్నట్టు చెప్తాడు, మాట తప్పడు అని."

"అవన్నీ నేనే రాసుకున్నానండి."

చంద్రరావు డ్రైవరు వైపు చూస్తాడు. "ఏరా చిట్టియ్యా, నువ్వు నమ్ముతున్నావా?"

"తన సంబంధం తనే మాట్లాడుకున్నట్టుందండి అయ్యగారూ."

"సరే. పాత కస్టమర్లని అడుగుదాం. నంబర్లు కూడా ఇచ్చాడు పాపం." కాగితం తిరగేస్తాడు. సెల్‌ఫోన్ తీస్తాడు. "హైదరాబాద్. రత్నమాణిక్యం గారు."

చిన్నమ్మాయి కళ్ళు మూసుకుంటుంది.

బియ్యం డబ్బా వెనకాల రేకు డబ్బా మోగుతుంది.

గదిలో ఎవరూ కదలరు.

చంద్రరావు ఫోన్ కట్ చేస్తాడు. మోత ఆగుతుంది. మళ్ళీ నొక్కుతాడు. "వైజాగ్. హారతి మేడం."

రేకు డబ్బా ఇంకో పాటతో మోగుతుంది.

మూడోది నొక్కడు. అవసరం లేదు. చిన్నమ్మాయి వైపు తిరుగుతాడు.

"రత్నమాణిక్యం గారూ, బాగున్నారా? హైదరాబాదులో వానలెలా ఉన్నాయి?"

ఆమె డబ్బాకి అడ్డంగా జరుగుతుంది. 

"కొడుకు రాస్తాడు. తల్లి మాట్లాడుతుంది. మంచి వ్యాపారం. వీళ్ళు ఏది చెప్పినా అబద్ధమే చిట్టియ్యా. మరి నిజం ఎలా తీద్దాం?"

"ఒకరి వేలు తీస్తే ఇంకొకరు చెప్తారండి."

చిట్టియ్య గోడకున్న కత్తి తీస్తాడు. కొమ్మకి కొమ్మ అతికి మామిడి అంట్లు కట్టే కత్తి. సన్నగా ఉంటుంది. పొద్దున్నే చిన్నమ్మాయే రాతి మీద నూరింది.

వాడు ఉదయ్ చెయ్యి పట్టుకుంటాడు.

చిన్నమ్మాయి కొవ్వొత్తి మీద నీళ్ళ చెంబు విసురుతుంది.

చీకటి.

అరుపు. కుర్చీ విరిగిన చప్పుడు. ఎవరో ఎవరినో గుద్దుతున్నారు. ఆమె చేతికి రేకు డబ్బా తగులుతుంది, పట్టుకుంటుంది. ఎందుకో ఆమెకే తెలీదు. ఇంకో చేత్తో కొడుకు చొక్కా.

"వెనక్కి... వెనక్కిరా..."

పెరటి తలుపు. వాన. కనకాంబరం మళ్ళు, గులాబీ సంచులు, కొబ్బరి పీచు కుప్ప. రెండేళ్ళుగా పక్కవాళ్ళ మొక్కలు మోసుకొచ్చిన దొంగదారి ఇదే. కళ్ళు మూసుకున్నా కాళ్ళకి తెలుసు.

వెనక తుపాకీ పేలుతుంది. ఎక్కడో కుండీ పగులుతుంది.

పక్క నర్సరీ చివర, తడవకుండా పెట్టిన తమ మోపెడ్. ఉదయ్ తొక్కుతాడు. అంటుకోదు. మళ్ళీ తొక్కుతాడు. చిన్నమ్మాయి దేవుళ్ళందరి పేర్లూ కలిపేసి మొక్కుతోంది.

అంటుకుంది.

రోడ్డెక్కుతారు. దూరంగా స్కార్పియో లైట్లు మలుపు తిరుగుతున్నాయి.

"చెక్‌పోస్టుకి పోనీరా."

కాలవ వంతెన మీద చెక్‌పోస్టు ఉంది. యానాం నుంచి దొంగతనంగా వచ్చే మందు సీసాలు పట్టుకోవడానికి పెట్టారు. రాత్రీ పగలూ పోలీసులుంటారు. జనరేటరు పెట్టి లైట్లు వేస్తారు.

"వద్దమ్మా."

"ఏంట్రా వద్దు?"

"నెల్లూరులో మొక్కలు కొన్న పార్టీ కేసు పెట్టాడు. అంట్లని చెప్పి గింజ మొక్కలు పంపానని. నీకు చెప్పలేదు. నా పేరు చెప్తే లోపలేస్తారు."

"లోపలుంటే బతికుంటావు కదరా!"

ఉదయ్ వినడు. హ్యాండిల్ తిప్పేస్తాడు. మోపెడ్ తారురోడ్డు దిగి కాలవగట్టు ఎక్కుతుంది. లైటు ఆర్పేస్తాడు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరిచేలు. మధ్యలో బురద.

చిన్నమ్మాయి కొడుకు వీపుకి అతుక్కుని చెవిలో అడుగుతుంది. "ఆ ఫొటో నువ్వే తీశావు కదూ?"



"కాలవ మీద పాత లాకుల దగ్గరమ్మా, నీళ్ళొదిలే షట్టర్లున్నచోట. అవతలి గట్టు. లాకుల కాపలా అబ్రహాం గారని ఉన్నారు, ఆయన వాకిట్లో ఉంది మొక్క. బేరం వస్తే అప్పుడే కొనుక్కుందామనుకున్నా."

"ఆ అమ్మాయి?"

"చుట్టాలమ్మాయని చెప్పారు. ఫొటో తీస్తుంటే... నేను పడకూడదు బాబూ అంది. చేతులు కూడా అడ్డం పెట్టుకుంది. మీరు పడలేదు లెండి అన్నాను."

"పడిందని చూసుకోలేదా?"

"చూశాను. మూల కత్తిరిద్దామనుకున్నా. సెంటర్ మూసే టైమయింది. తర్వాత చేద్దాంలే అని ఎక్కించేశాను."

 ఆ పిల్ల కుచ్చిళ్ళు పట్టుకున్న చెయ్యి చిన్నమ్మాయి కళ్ళముందే ఉంది.

"ఆయనకి ఫోన్ చెయ్యాలి. నంబరుందా?"

"వైజాగ్ ఫోన్లో ఉంది."

డబ్బా మూత తీస్తుంది. వాన నీళ్ళు.  అబ్రహాం పేరు దొరుకుతుంది. నొక్కుతుంది.

మోగుతోంది... మోగుతోంది...

ఎవరూ ఎత్తరు.

వెనక చేల మీద వెలుగు పాకుతుంది.

"ఉదయ్... వస్తున్నారు..."

అతను వెనక్కి చూస్తాడు. చూడకుండా ఉండాల్సింది. ముందు చక్రం గోతిలో దిగుతుంది. ఆకాశం తిరగబడుతుంది. చిన్నమ్మాయి గట్టు మీంచి దొర్లుకుంటూ కాలవలో అల్లుకున్న గుర్రపుడెక్కలో పడుతుంది. నడుముల్లోతు నీళ్ళు. రేకు డబ్బా ఎక్కడో పడిపోయింది. ఫోన్ మాత్రం గుప్పిట్లోనే ఉంది.

పైన కారు ఆగుతుంది. తలుపులు. టార్చి.

"దొరికాడండి అయ్యగారూ. ముసల్ది లేదు."

"ఇక్కడే ఉంటుంది. తల్లి కదా." చంద్రరావు గొంతు పెంచడు. "వినిపిస్తోందా బెజవాడ సాయిదుర్గ గారూ? మీవాడి తల నా కాలి కింద ఉంది. ఎంతసేపుంటారు నీళ్ళల్లో?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించదు. గడ్డి పట్టుకుని పైకి పాకుతుంది.

"చెప్తాను. నా బిడ్డనొదిలెయ్యండి బాబుగారూ. చెప్తాను."

"అమ్మా, వద్దు." ఉదయ్ మొహం బురదలో ఉంది. "చిన్నపిల్ల ఉందమ్మా అక్కడ..."

"నాకు నువ్వే కావాలిరా." చంద్రరావు వైపు తిరిగి దణ్ణం పెడుతుంది. "పాత లాకుల దగ్గరండి. అవతలి గట్టు. కాపలా అబ్రహాం ఇంట్లో ఉందండి."

నిజం. ఆ రాత్రి ఆ అమ్మాయి గురించి ఆ కుటుంబం చెప్పిన మొదటి నిజం.

చంద్రరావు నవ్వుతాడు.

"ఎవరు చెప్తున్నారు ఇది? హైదరాబాదావిడా, వైజాగావిడా?"

"నిజమండి. నా బిడ్డ మీద ఒట్టు."

"మీ బిడ్డ మీద నలభై మంది ఒట్టేశారు, చూశాను కదా. పోలీసులు సాక్షిని లాకుల గట్టు మీద బట్టలారేసుకోమని వదిలేస్తారా? నన్ను అటు పంపి ఇటు జారుకుందామని."

"లేదండి. అమ్మతోడండి."

"ఫోనుంది కదా చేతిలో. చెయ్. స్పీకర్ నొక్కు. దాని గొంతు వినిపిస్తే నమ్ముతాను."

నొక్కుతుంది.

మోగుతోంది. వానలో ఆ చప్పుడు గట్టంతా వినిపిస్తోంది. ఎత్తరు. ఆగిపోతుంది.

"ఇంకోసారి."

మళ్ళీ. ఎత్తండి... ఎవరైనా ఎత్తండి నాయనా...

ఎత్తరు.

తుపాకీ పేలుతుంది.

ఉదయ్ తొడ పట్టుకుని దొర్లుతాడు. అరుపు ముందు రాదు. తర్వాత వస్తుంది. ఆమె జీవితంలో అలాంటి అరుపు వినలేదు. తన గొంతులోంచే వచ్చిందేమో కూడా.

"ఈసారి తల," అంటాడు చంద్రరావు. "చెయ్."

వేలు జారుతుంది. నొక్కుతుంది. మోగుతోంది. మోగుతోంది. మోగుతోంది.

"హలో..."

ఆడగొంతు.

"అబ్రహాం గారు లేరండి. షట్టర్ల దగ్గరికెళ్ళారు. ఫోన్ ఎత్తొద్దన్నారు గానీ... ఆగకుండా మోగుతుంటే ఆయనే చేస్తున్నారేమో అనుకున్నాను. ఎవరండీ?"

వెనకాల ఓ చిన్నపిల్ల దగ్గుతోంది.

చంద్రరావు కదలడు. అతని మొహం టార్చి వెలుగులో మారిపోతుంది. మూడు నెలలుగా వెతుకుతున్న గొంతు. పెదాలతోనే చెప్తాడు, చప్పుడు లేకుండా. మాట్లాడు. ఆపకు.

చిట్టియ్య అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు.

అప్పుడు చిన్నమ్మాయికి కనిపిస్తుంది.

ఎప్పుడూ కనిపించినట్టే. గ్యాస్ పొయ్యి చూస్తే మంటలు, లారీ చూస్తే శవం. చెడే ముందు కనిపించే కళ్ళు ఆమెవి. వందసార్లు తప్పాయి. ఇది తప్పడం లేదు. ఆ అమ్మాయి దొరికితే ఈయనకి మాతో పనేంటి? చంపానని తన నోటితోనే చెప్పాడు. విన్నాం. వెళ్ళేముందు మమ్మల్నిద్దర్నీ ఈ గుర్రపుడెక్కలోకి తోసేసి పోతాడు.

అది దొరికితే మాకు బతుకు లేదు.

దొరకనంతసేపే మా బతుకు.

"ఎవరండీ మాట్లాడేది?" అంటోంది ఫోన్.

ముగ్గురి పేర్లూ నాలుక మీదకొస్తాయి. మూడు గొంతులు. రెండేళ్ళ అలవాటు.

"చిన్నమ్మాయినమ్మా," అంటుంది ఆమె. "కడియం. నీ ఫొటో తీసినవాడి తల్లిని. చంద్రరావు నా పక్కనే ఉన్నాడు. పిల్లనెత్తుకుని పరిగెత్తు."

అవతల ఏదో కింద పడుతుంది. గిన్నె. తలుపు.

లైను పోతుంది.

చంద్రరావు చెయ్యి ఆమె చెంప మీద పడుతుంది. ఫోన్ ఎగిరి కాలవలో పడుతుంది. ఆమె లేచేసరికి తుపాకీ గొట్టం నుదుటికి తగులుతోంది. ఇంకా వేడిగానే ఉంది.

"నిన్ను ముక్కలు చేస్తాను."

"చెయ్యండి." నోట్లో రక్తం ఉమ్మేస్తుంది. "ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నన్ను చంపితే ఎవరు చెప్తారు?"

తెలుసా?

తెలీదు.

కానీ గొంతు తొణకలేదు. హైదరాబాద్ రత్నమాణిక్యం గొంతు. ధీమాగా, కొంచెం విసుగ్గా. ఎంతమందో కొనుగోలుదార్లు నమ్మిన గొంతు.

చంద్రరావు కూడా నమ్ముతాడు.

నిజాన్ని నమ్మనివాడు దీన్ని నమ్ముతాడు.

"చిట్టియ్యా! వంతెన దాటి అవతలి గట్టుకి పో. లాకుల దగ్గర మొత్తం వెతుకు. దారిలో ఎక్కడన్నా కనిపిస్తే గుద్దేసెయ్. ఈవిడ చెప్పగానే నేను ఫోన్ చేస్తాను."

స్కార్పియో బురద చిమ్ముకుంటూ వెళ్తుంది. ఎర్ర లైట్లు చిన్నవవుతూ పోతాయి.

గట్టు మీద ముగ్గురే. వాన. టార్చి. తుపాకీ.

"చెప్పు."

"ముందు నా కొడుకు కాలు."

"నాతో బేరమాడుతున్నావా?"

"వాడికేమైనా అయితే నేను చెప్పను. మీరేం చేసినా చెప్పను."

చంద్రరావు వాచీ చూసుకుంటాడు. తుపాకీతో సైగ చేస్తాడు. కానీ.

ఆమె బురదలో కూర్చుంటుంది. పైట చించి గాయం మీద పెడుతుంది. నడుం దగ్గర, చీర రొంటిన రిబ్బను చుట్ట ఉంది. అంట్లు కట్టే ప్లాస్టిక్‌ది. పొద్దుట్నుంచీ అక్కడే దోపుకుని ఉంది. తీస్తుంది. తొడ చుట్టూ తిప్పుతుంది. లాగుతుంది. ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు, నీటి చుక్క దూరకుండా. రెండు కొమ్మలు ఒకటయ్యేదాకా వదలకూడదన్నట్టు కడుతుంది.

రక్తం జోరు తగ్గుతుంది.

"అమ్మా..." ఉదయ్ పెదాలు నీలంగా ఉన్నాయి. "నిజంగా తెలుసా నీకు?"

ఆమె కట్టు బిగిస్తుంది.

"కట్టింది చాల్లే. ఎక్కడికెళ్ళింది?"

మాట్లాడదు.

ఆలోచిస్తోంది. నేనే ఆ పిల్లనైతే... చంకలో బిడ్డ, చుట్టూ చీకటి, వెనక చావు. ఎటు పరిగెడతాను? చుట్టాలింటికా? గుడికా? కాదు. చీకట్లో చుట్టాలెవరు గుర్తొస్తారు? ఎక్కడ వెలుగుంటే అటు. మనుషులుంటే అటు.

ఇంత పొడుగు కాలవ మీద కరెంటు లేదు.

జనరేటరు వెలుగున్నది ఒక్కచోటే.

ఆమె నెమ్మదిగా తలెత్తి, కారు వెళ్ళిన వైపు చూస్తుంది. మళ్ళీ తల దించేసుకుంటుంది. రిబ్బను ఇంకో చుట్టు తిప్పుతుంది.

"అడుగుతున్నాను కదా." చంద్రరావు గొంతు ఇప్పుడు పెరిగింది. "ఎక్కడికెళ్ళింది?"

వాన చప్పుడు.

అతను ఫోన్ తీసి చిట్టియ్యకి చేస్తాడు. మోగుతోంది. ఎత్తడు. మళ్ళీ చేస్తాడు. మోగుతోంది. తిడతాడు. మళ్ళీ.

"నన్ను లోపలేస్తారేమోనమ్మా," గొణుగుతాడు ఉదయ్, కళ్ళు మూసుకునే.

"వెయ్యనీ నాన్నా. పడుకోకు. నా వంక చూడు."

గట్టు చివర వెలుగు.

చంద్రరావు గట్టిగా ఊపిరి వదులుతాడు. స్కార్పియో. ఎత్తుపల్లాల్లో ఊగుతూ ఇటే వస్తోంది.

"వచ్చాడు మా చిట్టియ్య. అది దొరికినట్టే." తుపాకీ ఆమె వైపు తిప్పుతాడు. "ఇక నువ్వు చెప్పక్కర్లేదు మేడం."

ఆమె కొడుకు మీద వంగుతుంది. ఒళ్ళంతా కప్పేస్తుంది. కళ్ళు మాత్రం మూసుకోదు.

స్కార్పియో వెనక ఇంకో జత లైట్లు.

దాని వెనక ఇంకో జత.

చంద్రరావు చెయ్యి గాల్లోనే ఆగుతుంది. కారు దగ్గరకొస్తుంది. డ్రైవరు సీట్లో చిట్టియ్య లేడు. ఖాకీ టోపీ ఉంది. వెనక జీపు మీద ఎర్ర లైటు తిరగడం మొదలవుతుంది. గట్టూ కాలవా గుర్రపుడెక్కా అన్నీ ఒకసారి ఎరుపు, ఒకసారి నలుపు.

"తుపాకీ కింద పడెయ్! చేతులు పైకి!"

ఇటు నీళ్ళు. అటు బురద చేలు. చంద్రరావు రెండువైపులా చూస్తాడు. తుపాకీ జారి కాళ్ళ దగ్గర పడుతుంది. పోలీసుల వంక చూడడు. ఆమె వంకే చూస్తున్నాడు. ఆ రాత్రి మొదటిసారి అతని మొహంలో తొందర కనిపిస్తోంది.

"ఎక్కడికెళ్ళింది అది?"

బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

చిన్నమ్మాయి రిబ్బను కొస పళ్ళతో కొరుకుతుంది. ముడి వేస్తుంది. లాగి చూస్తుంది. గట్టిగా ఉంది. అప్పుడు తలెత్తి, ఎవరి గొంతూ కాని తన గొంతుతో చెప్తుంది.

"చెక్‌పోస్టుకండి."